ఉమ్మడి క్లాసు

తార్నాక, హైదరాబాద్
9 జులై 1967

సామేలూ,

నువ్వు వరంగల్ బస్సెక్కినంక నేను సీదా ఇంటికి పోలేదు. క్యాంపస్ దిక్కు నడిచిన. ఇన్నేండ్లు ఇద్దరం కలిసి నడిచిన తొవ్వ గద, ఒక్కన్నే నడుస్తుంటే సగం మాటలు నోట్లనే ఉండిపోయినయి. ఇంటికొచ్చేసరికి బాలలక్ష్మి నా మొఖం చూసి, డాక్టరు సారుకు ట్రాన్స్‌ఫర్ అయితే ఆయన భార్య కూడ ఇంత దిగులు పడలేదని ఎక్కిరించింది.

అసలు సంగతి ఇది. మన క్లాసుకు పర్మిషన్ వచ్చింది.

మా హెడ్డు మొదలు నవ్విండు. సిలబస్‌ల లేని పాఠం, అది కూడ శనివారం మధ్యాహ్నం, పరీక్ష లేదు, మార్కులు లేవు, ఎవడు వస్తడయ్యా అన్నడు. నువ్వు నాకు చెప్పిందే ఆయనకు చెప్పిన. ఒక మందు గురించి బాటనీ సారు చెట్టు వరకే చెప్తడు. కెమిస్ట్రీ సారు ఆ చెట్టుల నుంచి తీసిన పొడి వరకే చెప్తడు. నేను ఆ పొడిని గోలీ చేసేదాక చెప్త. మీ డాక్టర్లు ఆ గోలీ రోగి నోట్ల పడ్డంక మొదలువెడ్తరు. ఎవలి గోడ వాళ్లకున్నది. రోగి మాత్రం ఒక్కడే. ఈ నలుగురిని ఒక గదిల కూసోబెట్టి ఒకే మందు గురించి మాట్లాడిద్దాం, ఫార్మసీ పిల్లలు, మెడికల్ పిల్లలు ఒకే బెంచీ మీద కూసొని విననియ్యిండ్రి అన్న. ఆయన చాలాసేపు టేబుల్ మీద వేళ్లతోని కొట్టుకుంట కూసొని, మా బిల్డింగ్ వెనక ఉన్న పాత ల్యాబు వాడుకొమ్మన్నడు.

మొదటి మందు సర్పగంధ అనుకున్న. బాటనీల లక్ష్మీనర్సయ్య ఉన్నడు గద, జేబుల వేర్లు వేసుకొని తిరిగే మనిషి, ఆయన చెట్టునే కుండీల పెట్టుకొని తెస్తనన్నడు. కెమిస్ట్రీ వాళ్లు సరే అన్నరు. డాక్టరు దిక్కు నువ్వు ఉంటవనుకున్న. నువ్వేమో పోతివి. ఇప్పుడు మీ మెడికల్ కాలేజీల ఎవలను అడగాలె? నువ్వు చెప్పినోళ్లనే అడుగుత.

నీ
ఉమాపతి


హనుమకొండ
23 జులై 1967

ఉమాపతీ,

ఇల్లు దొరికింది. సందుల ఉన్నది, గాలి రాదు. దవఖానల మంచాల కంటె రోగులు ఎక్కువ. పిల్లలకు పాఠం చెప్పుడు పోయి పొద్దందాక చీటీలు రాసుడు అయింది. నా సంగతి ఇంతే.

డాక్టరు దిక్కు సోమయాజులు గారిని అడుగు. మెడిసిన్ ప్రొఫెసర్. రాజమండ్రి దిక్కు మనిషి. కోపం ముక్కు మీదనే ఉంటది, వార్డుల ఆయన గొంతు వింటే హౌస్ సర్జన్లు గోడలకు అతుక్కుంటరు. అయినా ఆయనకు చదువంటే ప్రాణం. పొద్దుగాల తిట్టిన మనిషిని మాపటికి మర్చిపోతడు. నోటికి భయపడకు.

ఒక మాట మటుకు యాదిపెట్టుకో. నలుగురు సార్లను ఒక గదిల కూసోబెట్టుడు పెద్ద పని కాదు. నలుగురూ వంతులవారీగ లెక్చర్ దంచి పోతే అది ఉమ్మడి క్లాసు కాదు, నాలుగు క్లాసులు ఒకే దినం పెట్టినట్టు. పిల్లలు అడగాలె. ఫార్మసీ పిల్ల డాక్టరును అడగాలె, మెడికల్ పిల్లగాడు నిన్ను అడగాలె. ఎవలైనా ఎవలనైనా అడగొచ్చని మొదటి దినమే బోర్డు మీద రాయి. ఆ రూలు మీదనే అంత నిలబడ్తది.

సామేలు


తార్నాక
19 నవంబరు 1967

సామేలూ,

ఇన్ని దినాలు రాయనందుకు తిట్టుకుంటున్నవని తెలుసు. తిట్టుకో. నా సంతోషం జూస్తే నువ్వే మాఫ్ చేస్తవు.

క్లాసు నడుస్తున్నది. మొదటి శనివారం బెంచీలు సగం ఖాళీ. ఇప్పుడు కిటికీల మీద కూసుంటున్నరు. నీ రూలు బోర్డు మీద రాసిన. నీ పేరు కూడ చెప్పిన, ఇది నా ఒక్కని ఆలోచన కాదు, డాక్టర్ సామేలు అని ఒక దోస్తు ఉండె, ఆయనది సగం అని.

సర్పగంధ దినం ఏమైందో విను. లక్ష్మీనర్సయ్య కుండీని టేబుల్ మీద పెట్టి వేరు తవ్వి చూపెట్టిండు. కెమిస్ట్రీ వాళ్లు ఆ వేరుల నుంచి ఏం తీస్తరో చెప్పిండ్రు. నేను గోలీ సంగతి చెప్పిన. సోమయాజులు గారు బీపీ ఎట్ల దిగుతదో చెప్పి చాక్‌పీస్ కింద పెట్టిండు. ఇంతల వెనక బెంచీల నుంచి ఒక అమ్మాయి లేచింది. మా థర్డ్ ఇయర్ పిల్ల, పేరు సారలమ్మ. నాయిన మొగిలి రైల్వే వర్క్‌షాపుల పని చేస్తడు, లాలాపేట్ల ఉంటరు, అసలు ఊరు ములుగు దిక్కు. క్లాసుల ఎన్నడు నోరు తెరవని పిల్ల. ‘సార్, మా ఊర్ల ఈ వేరు నిద్ర పట్టనోళ్లకు ఇస్తరు. మనసు మీద పనిచేసేది బీపీకి ఇస్తే, బీపీ దిగినంక మనసుకు ఏమైతది?’ అన్నది.

నేను గబుక్కున ముందటికి చూసిన. సోమయాజులు గారు ఏమంటడో అని. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. తర్వాత కుర్చీ ముందటికి జరుపుకొని, తన దగ్గర ఈ మందు నెలల తరబడి తిన్న ఒక తాసిల్దారు ఎట్ల నవ్వుడు మానేసిండో, ఇంట్ల ఎవలితోని మాట్లాడకుండ గోడ దిక్కు తిరిగి ఎట్ల పండుకునేటోడో చెప్పిండు. ఇట్లాంటిది పుస్తకంల వెతికితే దొరకదు. ఆ పిల్ల అడగకపోతే ఆయన చెప్పకపోయేటోడు.

ఆ దినం సంది ఆ పిల్ల ఆగలేదు. ఆమెను చూసి మిగిలినోళ్లకు ధైర్యం వచ్చింది. క్లాసు అయినంక కూడ పిల్లలు మెట్ల మీద నిలబడి వాదులాడుకుంటున్నరు, ఎవలు డాక్టర్లో ఎవలు ఫార్మసీ వాళ్లో గుర్తుపట్టరాదు. నేను చదువుకునేటప్పుడు ఇట్లాంటి క్లాసు ఒక్కటి ఉండి ఉంటే నేను వేరే మనిషినయ్యేటోన్ని.

ఒకసారి వచ్చి పో. నీ కండ్లతోని చూడాలె.

నీ
ఉమాపతి


హనుమకొండ
10 డిసెంబరు 1967

ఉమాపతీ,

రెండుసార్లు చదివిన. చదివి మా ఆమెకు కూడ వినిపిచ్చిన. లోపల కొద్దిగ కుళ్లు కూడ పుట్టిందని దాచిపెట్టను. ఇక్కడ నేను రోగి మొఖం చూసే లోపట ఇంకో రోగి వచ్చి నిలబడ్తున్నడు.

సెలవు దొరికితే వస్త. ఆ సారలమ్మను జాగ్రత్తగ చూసుకో. అడిగే పిల్లలు దొరుకుడు కష్టం. మనిద్దరం హాస్టల్‌ల వార్డెనును ఏమన్న అడగాల్నంటే ఎంత వణికేటోళ్లమో నీకు యాదికి ఉన్నదో లేదో.

సామేలు


యూనివర్సిటీ క్యాంపస్
17 మార్చి 1968

ప్రియమైన సామేలుకు,

ఇక్కడ మేమందరం క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను.

మన క్లాసు సక్రమంగానే జరుగుతున్నది. సోమయాజులు గారు మునుపటి వలెనే సహకరిస్తున్నారు. విద్యార్థుల హాజరు సంతృప్తికరంగా ఉన్నది. వచ్చే విద్యా సంవత్సరం నుండి దీనిని అధికారికంగా సిలబస్‌లో చేర్చే విషయం పరిశీలనలో ఉన్నది. రీడర్ ఉద్యోగానికి ఏప్రిల్‌లో ఇంటర్వ్యూలు జరుగుతాయి. నేను కూడా దరఖాస్తు చేశాను.

నీవు ప్రస్తావించిన సారలమ్మ అనే విద్యార్థిని కుటుంబ కారణాల వల్ల చదువు విరమించుకున్నది. బహుశా వివాహ ప్రయత్నాలు కావచ్చును. విచారకరమే కానీ మన చేతిలో ఏమున్నది.

పని ఒత్తిడి వల్ల ఇంతకంటే రాయలేకపోతున్నాను.

ఉమాపతి


హనుమకొండ
4 ఏప్రిల్ 1968

ఉమాపతీ,

ఆ ఉత్తరం నువ్వే రాసినవా, మీ హెడ్డు చెప్తే రాసినవా? నిన్ను నాకు జనగామ హాస్టల్ సంది తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పేటప్పుడు నువ్వు మనూరి మాట రాస్తవు. ఏమన్న కప్పిపెట్టాల్నంటేనే ‘విరమించుకున్నది’, ‘పరిశీలనలో ఉన్నది’ అంటవు. మీ నాయిన పోయినప్పుడు కూడ మొదటి ఉత్తరం ఇట్లనే రాసినవు.

ఆ పిల్ల చదువు ఎందుకు ఆగింది? నాకు మామూలుగ రాయి.

సామేలు


తార్నాక
12 మే 1968

సామేలూ,

నీకు చెప్పకుండ ఉందామనే అనుకున్న. చెప్తే నువ్వు పరేషాన్ అయితవని. సరే, విను.

ఫిబ్రవరిల ఒక శనివారం మందు బదులు ఒక రోగిని తీసుకుందామన్నడు సోమయాజులు గారు. వార్డుల ఒక ఆడమనిషి ఉన్నది, ఊపిరితిత్తుల జబ్బు, టెట్రాసైక్లిన్ గోలీలు ఇస్తున్నా జ్వరం దిగుతలేదు. మందు మార్చి ఇంజెక్షన్లు మొదలుపెట్టాల్నని ఆయన ఆలోచన. మీరేమంటరో చెప్పుండ్రి అని పిల్లలను అడిగిండు. నలుగురైదుగురు ఏవో చెప్పిండ్రు. అప్పుడు సారలమ్మ లేచి, గోలీ దేనితోని మింగిస్తున్నరు సార్ అన్నది. హౌస్ సర్జన్ కాయితం చూసి, పాలతోని, దాని వెంట కడుపుమంటకు తెల్లమందు కూడ అన్నడు. ‘ఆ రెండు కూడ గోలీని కడుపుల్నే పట్టుకుంటయి సార్, నెత్తురుల కలవనియ్యవు. మందు తప్పు కాదు. ఇచ్చే పద్ధతి తప్పు’ అన్నది ఆమె.

మెడికల్ పిల్లలు పక్కున నవ్విండ్రు. ఆమెను చూసి కాదు, ఆయనను చూసి. ఏండ్ల సంది ఆయనకు భయపడ్డ పిల్లలు, సందు దొరికింది. ఆయన మొఖం ఎర్రబడ్డది. ‘నాకు పద్ధతి నేర్పుతున్నావా అమ్మాయ్’ అని కాయితాలు తీసుకొని బయటికి పోయిండు.

ఆయన లేకుంటే ఈ క్లాసు లేదు. మెడికల్ కాలేజీ నుంచి ఇంకెవలు రారు. ఆయన క్షమాపణ కావాలన్నడు, లేకుంటే ఇంక ఈ గది తొక్కనన్నడు. నేనేం చేయాలె? ఆమెకు నచ్చజెప్పి ఆయన రూముకు తీస్కపోయిన. ఒక్క మాట అన్నది, అయిపోయింది. ఆయన మళ్ల శనివారం వచ్చిండు. క్లాసు నిలబడ్డది. తర్వాత ఆమె ఎందుకో రాకుండ అయింది. లాలాపేట్ పోయి మొగిలిని కలిసిన. ఆయన తల వంచుకొని, పిల్ల వద్దంటున్నది సార్, నేనేం జేత్త అన్నడు.

అంతకు మించి నా తప్పేమున్నది?

రీడర్ ఇంటర్వ్యూ మంచిగనే అయింది.

ఉమాపతి


హనుమకొండ
25 ఆగస్టు 1968

ఉమాపతీ,

పోయిన వారం మా బాబుకు జ్వరమొస్తే చౌరస్తా దగ్గరి మందుల షాపుకు నేనే పోయిన. నా చీటీ మీద పేరు చూసి షాపుల ఉన్న అమ్మాయి, సామేలు డాక్టరంటే మీరేనా సార్, ఉమాపతి సారు క్లాసుల మీ పేరు చెప్పేటోరు అన్నది.

ఆమే సారలమ్మ. పెండ్లి కాలేదు. మేనమామ ఇంట్ల ఉంటున్నది. షాపు ఆయనకు తెలిసినోళ్లది.

నేను ఇంటికి తీస్కొచ్చిన. మా ఆమె చాయ్ పెట్టింది. చాలాసేపు సార్ మంచోరు, సార్ మంచోరు అనుకుంటనే ఉన్నది. మెల్లగ చెప్పింది. నువ్వు ఆమెను వరండాల ఆపి, లోపలికి పోయినంక చేతులు కట్టుకొని నిలబడు, కండ్లు దించు, నాకు తెల్వక తొందరపడి తప్పు చెప్పిన అను, అంతకంటె ఇంకేం మాట్లాడకు అని చెప్పినవట. ఆమె అట్లనే చేసిందట. ఆయన రాసుకుంట రాసుకుంట తలెత్తి, సరే వెళ్ళమ్మా అన్నడట.

తర్వాతి శనివారం సంది నువ్వు ఆమె కూసున్న బెంచీ దిక్కు చూసుడు మానేసినవట. చెయ్యెత్తితే వేరేవాళ్లను లేపినవట. మెట్ల మీద పిల్లలు డాక్టరమ్మా అని ఎక్కిరించేటోళ్లట.

నేను అడిగిన, అంత మాత్రానికి చదువు వదిలిపెట్టుడేంది బిడ్డా అని. ఆమె చెప్పింది ఆమె మాటల్లనే రాస్తున్న.

‘క్షమాపణ చెప్పినందుకు కాదు సార్. మా నాయిన వర్క్‌షాపుల రోజూ చెప్తడు, అది నాకు కొత్త కాదు. నేను చెప్పింది తప్పని ఒప్పుకొమ్మన్నరు. తప్పు కాదని సారుకు తెలుసు. పాల సంగతి నాకు చెప్పిందే సారు.’

ఉమాపతీ, నీ మే నెల ఉత్తరంల నాకు ఇది రాయలేదు. ఆ పాఠం నువ్వు చెప్పిందేనని.

సామేలు


తార్నాక
8 సెప్టెంబరు 1968

సామేలూ,

నీకేం, చాయ్ తాపిచ్చి, విని, నా మీద ఫైసలా రాసి పంపినవు. ఇక్కడ గది అడుక్కున్నది నేను. నలుగురు సార్లను ఇంటింటికి తిరిగి బతిమిలాడి తెచ్చింది నేను. లక్ష్మీనర్సయ్యను వాళ్ల హెడ్డు మందలించి ఆపితే, ఆ హెడ్డు కాళ్లా వేళ్లా పడి ఆయనను మళ్ల తెచ్చింది నేను. నువ్వు ఆలోచన ఇచ్చి బస్సెక్కి పోయినవు.

ఒక్క పిల్ల ఒక్క మాట అంటే అందరు పిల్లలకు క్లాసు మిగులుతది. ఇది నా లెక్క. నా జాగల నువ్వుంటే నువ్వు కూడ అదే చేసేటోనివి. పాఠం నేనే చెప్పిన, అవును. నిజమే అయినా పెద్దవాళ్ల ముందట ఎట్ల అనాల్నో ఒక పద్ధతి ఉంటది. ఆమె అది నేర్చుకోలేదు. సోమయాజులు గారసుంటి మనిషి క్షమాపణ అడిగితే ఈ యూనివర్సిటీల కాదనేటోడు ఎవడు?

అంత సులువైతే నువ్వే ఒక క్లాసు పెట్టి చూపెట్టు.

ఉమాపతి


హనుమకొండ
21 నవంబరు 1968

ఉమాపతీ,

నిన్న సోమయాజులు గారు ఇక్కడికి ఎగ్జామినర్‌గ వచ్చిండు. సాయంత్రం మా ఇంటికి పిలిచిన. వాకిట్ల కుర్చీలేసుకొని కూసున్నం. నేనే ఆ సంగతి తీసిన. మీరు క్షమాపణ అడగకుండ ఉండాల్సింది అన్న.

ఆయన ఆశ్చర్యపోయిండు. ‘నేనెవరినీ క్షమాపణ అడగలేదండీ’ అన్నడు.

తర్వాత మెల్లగ చెప్పిండు. ఆ సాయంత్రం కోపం వచ్చిన మాట నిజమేనట. మర్నాడు పొద్దున్నే వార్డుకు పోయి పాలు ఆపించిండట, తెల్లమందు ఆపించిండట. కొన్ని దినాలకు ఆ ఆడమనిషి జ్వరం దిగి లేచి కూసున్నదట. వచ్చే శనివారం క్లాసులనే ఆ సంగతి చెప్పి ఆ అమ్మాయిని నిలబెట్టి అందరి ముందట మెచ్చుకుందామని అనుకున్నడట. ఇంతల్నే నువ్వు ఆమెను తీస్కపోయి ఆయన ముందట నిలబెట్టినవు.

మరి అప్పుడన్న చెప్పొచ్చు గద సార్ అన్న నేను.

‘చెప్పొచ్చు. చెప్పలేదు. మనముందు ఒకరు తలవంచుకుని నిలబడితే బాగానే ఉంటుంది కదండీ. ఆ కాస్తసేపు బాగానే అనిపించింది. ఆ తరవాత చెబుదాం చెబుదాం అనుకునేలోగా ఆ పిల్ల రావడం మానేసింది’ అన్నడు. చాయ్ చల్లబడ్డది, తాగలేదు.

ఆయన తన మాట తను చెప్పుకున్నడు. నువ్వు మాత్రం మే నెలల నాకు అబద్ధం రాసినవు. ఎవలూ అడగని క్షమాపణ నువ్వు ఇప్పించినవు. ఆయన అలుగుతడేమో, హెడ్డు చెవిల పడ్తదేమో, ఏప్రిల్‌ల ఇంటర్వ్యూ ఉన్నది, సోమయాజులు మాట అక్కడ నడుస్తది. ఇదంత నీ మనసుల నువ్వే అల్లుకొని, ఆ పిల్లను తీస్కపోయి అప్పజెప్పినవు.

చేతులు కట్టుకొని నిలబడుడంటే ఏందో నీకు తెల్వదు ఉమాపతీ. మీ ఇంటికొస్తే మా నాయిన వాకిలి అవతల నిలబడేటోడు. హాస్టల్‌ల నువ్వు నన్ను నీ పక్కన కూసోబెట్టుకొని తిన్నప్పటి సంది, ఆ నిలబడుడు నీకు కూడ నచ్చదనే అనుకుంట వచ్చిన.

సామేలు


యూనివర్సిటీ క్యాంపస్
16 డిసెంబరు 1968

డాక్టర్ సామేలు గారికి,

నమస్కారములు. తాము రూపకల్పనలో పాలుపంచుకున్న ఉమ్మడి బోధన పాఠ్యక్రమమునకు యూనివర్సిటీ ఆమోదము లభించినదని తెలియజేయుటకు సంతోషించుచున్నాను. జనవరి నుండి ఇది నాలుగు విభాగముల విద్యార్థులకు తప్పనిసరి పేపరుగా, వార్షిక పరీక్షతో కూడి, పెద్ద హాలులో నిర్వహింపబడును. ప్రారంభ సభకు తాము విచ్చేసి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కోరుచున్నాను.

ఇట్లు
వి. ఉమాపతి
రీడర్


హనుమకొండ
24 డిసెంబరు 1968

రీడర్ గారికి,

నేను రాను. ఆ నాలుగు మాటలు చెప్పగల మనిషి ఇక్కడ చౌరస్తాల మందులమ్ముతున్నది. చేతనైతే ఆమెను పిలువుండ్రి.

సామేలు


తార్నాక
26 జనవరి 1969

సామేలూ,

ఈ ఉత్తరానికి జవాబు ఇయ్యకపోయినా సరే. రాయకుండ ఉండలేకపోతున్న.

ప్రారంభ సభ అయింది. హాలు నిండిపోయింది. పూలదండలు, మైకు. సోమయాజులు గారు రాలేదు, ఒంట్ల బాగలేదని కబురు పంపిండు. తర్వాతి వారం మొదటి క్లాసు. నలుగురు సార్లం వేదిక మీద కూసున్నం, వంతులవారీగ మాట్లాడినం. కింద అన్ని డిపార్ట్‌మెంట్ల పిల్లలు తలలు వంచుకొని రాసుకుంటనే ఉన్నరు. పరీక్ష ఉన్నది గద, ఏది వస్తదో అని ఒక్క మాట విడవకుండ రాస్తున్నరు. అయినంక, ఏమన్న అడిగేది ఉన్నదా అన్న. ఎవలూ లేవలేదు. రెండోసారి అడిగిన. ముందటి బెంచీల పిల్లగాడు లేచిండు. ప్రాణం లేచొచ్చింది నాకు. ఇందుల ఎన్ని మార్కులకు ఇస్తరు సార్ అన్నడు.

దాని తర్వాత క్లాసే జరుగలేదు. పిల్లలు తెలంగాణ పేరు మీద సమ్మె అంటున్నరు, క్యాంపస్‌ల అంత గడబిడగ ఉన్నది. సందు దొరికిందని హనుమకొండ వచ్చిన.

అవును, వచ్చిన. నీకు చెప్పలేదు.

షాపుల ఆమె ఒక్కతే ఉన్నది. నన్ను చూసి లేచి నిలబడి, స్టూలు ముందటికి జరిపింది. నేను కూసొని రూల్సు చెప్పుడు మొదలుపెట్టిన. మళ్ల చేర్చుకుంటరని, పోయిన సంవత్సరం హాజరు లెక్కల పట్టుకుంటరని, నేను హెడ్డుతోని మాట్లాడుతనని. ఎంతసేపు చెప్పిన్నో నాకే తెల్వదు. ఆపితే ఇంకేదో చెప్పాల్సి వస్తదని చెప్తనే పోయిన. ఆమె అంత విన్నది. తర్వాత అడిగింది.

‘సార్, ఆ దినం క్లాసుల నేను చెప్పింది తప్పా?’

‘కాదు’ అన్న.

‘ఇప్పుడు ఎవలూ లేరు గద సార్ ఇక్కడ’ అన్నది.

కోపంగ అనలేదు. అంటే బాగుండేది. ఏదో ఒకటి అనేటోన్ని. నేను నోరు తెరిచిన్నో లేదో, ఇద్దరు మనుషులు చీటీలు పట్టుకొని వచ్చిండ్రు. ఆమె వాళ్ల దిక్కు తిరిగింది. వాళ్లు పోయేదాక నేను స్టూలు మీద అట్లనే కూసున్న. వాళ్లు పోయినంక నా దిక్కు చూసి, మీకేమన్న మందులు కావాల్నా సార్ అన్నది. తలనొప్పి గోలీలు అడిగిన. కాయితంల చుట్టి ఇచ్చింది.

నీ సందు మొదటిదాక వచ్చిన. మీ బాబు వాకిట్ల చక్రం ఆడుకుంటున్నడు. నువ్వు లోపల ఎవలితోనో మాట్లాడుతున్నవు, గొంతు వినవడ్డది. కొద్దిసేపు అక్కడ్నే నిలబడి స్టేషన్‌కు పోయిన.

బాలలక్ష్మి అడుగుతున్నది, రీడర్ అయినంక కూడ ఈ మొఖం ఏందని.

ఉమాపతి


హనుమకొండ
16 ఫిబ్రవరి 1969

ఉమాపతీ,

నువ్వు వచ్చి పోయినవని సారలమ్మ మర్నాడే చెప్పింది. ఏం మాట్లాడినవో చెప్పలేదు. నేను అడగలేదు.

ఆమె ఇప్పుడు ఆ షాపుల లేదు. మేనమామ వాళ్లు ఊరు మారిండ్రు, ములుగు దిక్కు పోయిండ్రు. పోయేముందు మా ఇంటికొచ్చింది. ఇక్కడి కాలేజీలనన్న బీఎస్సీల చేరు, ఫీజు సంగతి నేను చూసుకుంట అన్న. ఇంక చదువు వద్దు సార్ అన్నది. ఎందుకని అడిగితే, అడగబుద్ధయితది సార్, ఆగలేను అన్నది. మా ఆమె చీర పెడితే తీసుకున్నది.

నా సందుదాక వచ్చి తిరిగిపోయినవు. మంచిదే అయింది. లోపలికి వస్తే అన్నం పెట్టేటోన్ని. ఏం మాట్లాడాల్నో నాకు తెలిసేది కాదు.

సామేలు